వెనక్కి విప్పిన నులక

నా చిన్నప్పుడు మా ఊరి బళ్ళో తప్పినవాళ్ళ పేర్లు చదివేవాళ్ళు కాదు, నెగ్గినవాళ్ళ పేర్లే చదివేవాళ్ళు. వేసవి సెలవులకు ముందు చివరి రోజున పిల్లలందరినీ వసారాలో నిలబెట్టి, వాధ్యారు కాగితం చేతబట్టుకుని ఒక్కో పేరూ పిలిచేవారు. మా వైపు అయ్యవారిని వాధ్యారనే అంటారు. పిలిచినవాళ్ళు గడప దాటి లోపలికి వెళ్ళి పై తరగతి వరుసలో కూర్చోవాలి. ఐదో తరగతి వాళ్ళకైతే మా ఊళ్ళో పై తరగతి లేదు కాబట్టి, పట్నం బడికి పోవడానికి ఒక చీటీ రాసిచ్చేవారు. పిలవనివాళ్ళు బయటే ఉండిపోవాలి. వాళ్ళతో ఎవరూ ఏమీ అనక్కర్లేదు. వసారా ఖాళీ అవుతూ ఉంటే వాళ్ళకే తెలిసిపోతుంది.

ఆ ఏడు ఐదో తరగతిలో మిగిలిపోయింది నేనొక్కదాన్నే. నాకన్నా మొద్దులని నేను అనుకున్నవాళ్ళు కూడా లోపలికి వెళ్ళిపోయారు. పక్కింటి పిల్ల, రోజూ నాతో కలిసి బడికి వచ్చేది, దాని పేరు పిలవగానే ఒక్కసారి నా వైపు చూసి లోపలికి పరుగెత్తింది. వాధ్యారు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు. ఆ మడతల్లో ఇంకా ఎక్కడైనా నా పేరు ఉందేమోనని ఆయన జేబు వైపే చూస్తూ చాలాసేపు నిలబడ్డాను.

మా ఊరు ధర్మపురికి పక్కనే, సోగత్తూరు దాటాక మెట్ట పొలాల మధ్యన ఉంటుంది. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ఆ రోజు ఇంటికి రోడ్డు మీదుగా రాలేదు. వేరుసెనగ పీకేసిన చేలకు అడ్డంపడి, ఎవరూ ఎదురుపడని దారిన వచ్చాను. దెబ్బలు తప్పవని తెలుసు. ఏ చెయ్యి అడ్డం పెట్టుకోవాలో కూడా దారిలోనే ఆలోచించుకున్నాను.

కానీ ఎవరూ కొట్టలేదు. మా అమ్మ పొయ్యి దగ్గర సంగటి కెలుకుతోంది. నా పేరు పిలవలేదని చెబితే తల కూడా తిప్పలేదు.

"పోతే పోనీలే. ఆ ఉయ్యాల ఊపు, బిడ్డ లేస్తాడు" అంది.

పొద్దుగూకే వేళకు మా నాయన పొలం నుంచి వచ్చాడు. విని, మజ్జిగలో ఉప్పు తక్కువైందని అడిగి వేయించుకుని, ఆ తరువాత అన్నాడు.

"ఆడపిల్లకు ఐదే ఎక్కువ. ఇంట్లో ఉంటే మీయమ్మకు చెయ్యాసరా అయితాది."

అంతే. నా చదువు సంగతి ఆ గిన్నెడు మజ్జిగ తాగేలోపు తేలిపోయింది. తిట్టినా బాగుండేదని ఆ రోజు మొదటిసారి అనిపించింది. తిట్టేవాళ్ళు మన నుంచి ఇంకా ఏదో కోరుకుంటున్నట్టు. నా నుంచి ఎవరూ ఏమీ కోరుకోలేదు. నేను తప్పడం వాళ్ళకు ఒక పని తగ్గడమే అయింది.

నాకు బడి మీద ఆశ చావలేదు. అట్లాగని మళ్ళీ వెళ్ళి ఆ వసారాలో నిలబడే ధైర్యమూ లేదు. బడి తెరిచేలోపు ఎవరైనా నా తరఫున ఒక మాట అనకపోతే నా చదువు ఇంతటితో సరి అని తెలుసు. ఆ మాట అడగడానికి నాకే నోరు రాలేదు.

ఆ వేసవి చాలా పొడుగ్గా గడిచింది. మా ఇంటికీ పక్కింటికీ మధ్య గోడ ఒక్కటే. అవతల పక్కింటి పిల్లకు కొత్త పావడా కుడుతున్నారని, పట్నం బడికి పోవడానికి గుడ్డసంచి కుడుతున్నారని గోడ మీదుగా మాటలు వినబడేవి. అంతకుముందు గోడ మీద నుంచి తలపెట్టి నన్ను పిలిచేది. ఇప్పుడు పిలవలేదు. నేనూ పిలవలేదు. దాని మీద నాకు కోపం లేదు. ఏమని పిలవాలో దానికీ మాట దొరకలేదేమో. వీధిలో చిన్నపిల్లలు మాత్రం నన్ను చూసి "పెయిలు, పెయిలు" అని కోడిపిల్లల్లా కూసేవాళ్ళు. వాళ్ళకు దొరకకుండా నేను మా పెరటి వెనకాల కొట్టంలోకి పోయి కూర్చునేదాన్ని.

ఆ కొట్టంలో మా పెద్దనాయన ఉండేవాడు. మా నాయనకు అన్న. పెళ్ళాం పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు. మా ఇంట్లోనే తినేవాడు గానీ, పళ్ళెం తీసుకుపోయి కొట్టంలోనే కూర్చుని తిని, తానే కడిగి తెచ్చి ఇచ్చేవాడు. మాటలు తక్కువ. ఉన్న నాలుగు మాటలూ ఎద్దులతోనే ఆడేస్తాడని మా అమ్మ అనేది. మేము పిల్లలం ఆయనంటే జడిసేవాళ్ళం. వానలు పడేదాకా మెట్టలో పని ఉండదు కాబట్టి, ఆ ఎండల నెలల్లో ఆయన మంచాలు అల్లేవాడు. నల్లంపల్లి నుంచి కూడా మంచపు చట్రాలు బండి మీద వేసుకొచ్చి ఆయన దగ్గర దించి పోయేవాళ్ళు. కిత్తనార నానబెట్టి, తానే నులక పేనుకుని, ఒక్క ముడి కూడా పడకుండా మంచం మొత్తం ఒకే తాడుతో అల్లేవాడు.

నేను కొట్టంలో కూర్చుని రెండు రోజులైనా ఆయన నన్ను ఏమీ అడగలేదు. మూడో రోజు నులక ఉండను నా ఒళ్ళో పడేశాడు.

"సుమ్మా ఊరికే యాల కూర్చుంటావు పిల్లా. ఇట్ల దూర్చి అట్ల ఇయ్యి."

అలా మొదలైంది. మంచానికి అటు ఆయన, ఇటు నేను. నులక మంచం అల్లడం చూసినవాళ్ళకు తెలుస్తుంది. ఒక మూల నుంచి మొదలుపెట్టి, ఉండను పట్టె చుట్టూ తిప్పి, అప్పటికే ఉన్న వరుసల్లో రెండింటి పైనుంచీ రెండింటి కిందనుంచీ దూరుస్తూ ఎదుటి పట్టెకు తేవాలి. పోను పోను మంచం నడుమ చక్కగా గళ్ళు గళ్ళుగా పడతాయి. నాలుగు రోజులు చూశాక చిన్న మంచం ఒకటి నా ముందు పెట్టి నన్నే అల్లమన్నాడు. ఆయన నేర్పిన పాఠం ఒక్కటే.

"రెండు పైన, రెండు కింద. నోటితో చెప్పుకుంటా పో. నోరు మరిస్తే చెయ్యి మరస్తాది."

పదిహేను ఇరవై వరుసలు బాగానే పోయాయి. ఎద్దులకు నీళ్ళు పెట్టడానికి ఆయన లేచి వెళ్ళాడు. అదే వేళకు గోడ అవతల పక్కింటి పిల్ల కొత్త సంచి భుజాన తగిలించుకుని నడిచి చూపిస్తున్నట్టుంది, వాళ్ళమ్మ నవ్వుతోంది, అదీ నవ్వుతోంది. ఆ నవ్వు వింటూ నా నోరు ఆగిపోయింది, చెయ్యి ఆగలేదు. కొన్ని వరుసలు ఎట్లా పోయాయో నాకు తెలియదు.

పెద్దనాయన తిరిగి వచ్చి మంచం వైపు ఒకసారి వంగి చూశాడు. కూర్చుని తమలపాకు ఈనె తీసి, సున్నం రాసుకుని నోట్లో పెట్టుకున్నాడు.

"కానీయ్" అన్నాడు.

ఇక ఆ పూటంతా, మరునాడు పొద్దున కూడా నేను అల్లుతూనే ఉన్నాను. నాకు లోలోపల గర్వంగా కూడా ఉంది. బళ్ళో పనికిరాకపోయినా ఇక్కడ పనికొచ్చానని. మధ్యాహ్నానికి నడుమ గళ్ళు కలవాల్సిన చోటుకు వచ్చాను. కలవలేదు. ఒక పక్కంతా ఒరిగిపోయి, తాగినవాడి నడకలా వంకర టింకరగా ఉన్నాయి. లాగి చూశాను, తోసి చూశాను. ఇంకా అందవికారం అయింది. వేళ్ళు కిత్తనారకు ఒరుసుకుని మండుతున్నాయి. ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది.

"పెద్దనాయనా, ఇది చెడిపోయింది. కత్తి ఇయ్యి, కోసి పారేస్తా."

"కోసి?"

"మొదట్నించీ అల్లుతా."

"కోసిన తుంటలతో యాడ అల్లుతావు? ముడుల మీద పండుకుంటామని ఎవురన్నా మంచం ఇచ్చిపోయినారా మనకు?"

ఆయన మొహంలో ఆశ్చర్యమే లేదు. అప్పుడు నాకు అనుమానం వచ్చింది.

"తప్పు పోయింది నువ్వు నిన్ననే చూసినావా?"

"చూస్తి."

"మరి చెప్పలేదే!"

"చెప్పింటే నా మీద అలుగుతావు. పనికిరానిదాన్నని మళ్ళా మూల కూర్చుంటావు. తాడే చెప్పనీలే అని ఊరకుంటి."

ఆ మాటకు మంచాన్ని ఒక తన్ను తన్నాను. ఆయన పట్టించుకోలేదు. ఉండ తీసి నా చేతిలో పెట్టాడు.

"వెనక్కి విప్పు. ఒక్కొక్క వరుస విప్పినాక ఆగు, ఆగి చూడు. సరిగా ఉండేది కనపడితే అంతటితో నిలుపు. అంతకన్నా ఒక్క వరుస ఎక్కువ విప్పినావంటే చెయ్యి విరగ్గొడతా."

అల్లడం కన్నా విప్పడం కష్టం. ఉండను వచ్చిన దారినే వెనక్కి దూర్చాలి, తాడు మెలిపడకుండా చుట్టుకోవాలి. నిన్నటి గర్వమంతా చేతులారా ఊడదీసుకుంటున్నట్టు ఉండేది. కొంతసేపయ్యాక కోపానికి చెయ్యి అలవాటుపడింది, అన్నీ గబగబా పీకేయాలనిపించింది. మంచిదీ చెడ్డదీ చూడకుండా మొత్తం ఊడ్చేస్తే మనసుకు హాయిగా ఉంటుంది. ఆయన ఊరుకోలేదు. ప్రతి వరుసకూ నా చెయ్యి పట్టుకుని ఆపేవాడు. ఇది సరిగా ఉందా అని అడిగేవాడు. నేను వంగి, వేలు పెట్టి, రెండు పైన రెండు కింద అని లెక్కపెట్టి, లేదని చెప్పేదాన్ని. సరి, విప్పు అనేవాడు. ఎండ కొట్టం ముంగిట నుంచి పెరటిగోడ దాకా జరిగింది.

పొద్దు వాలే వేళకు ఆ చోటు దొరికింది. ఒక వరుసలో రెండింటికి బదులు మూడింటి పైనుంచి పోయింది నా తాడు. అంతే. ఆ మీద వేసిన వరుసలు నేను సరిగ్గానే లెక్కపెట్టాను. కానీ తప్పిన వరుసను నమ్ముకుని లెక్కపెట్టాను కాబట్టి అన్నీ ఒరిగిపోయాయి. దానికి ముందు వేసినవి ఎట్లా ఉన్నవి అట్లాగే, బిగుతుగా, తిన్నగా ఉన్నాయి. వాటి మీద చెయ్యి వేసి చూసుకున్నాను. అవి నేను అల్లినవే.

తాడు తప్పిన చోట వేలు పెట్టి ఉంచమని చెప్పి ఆయన నీళ్ళు తాగి వచ్చాడు. వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఎప్పుడూ అంత దగ్గరగా కూర్చోలేదు.

"ఆ పరిచ్చలో ఏం పోయింది నీకు?"

అన్ని రోజుల్లో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆయన.

"కణక్కు రాదు పెద్దనాయనా. లెక్కలంటే ఏమీ రాదు నాకు."

"ఏమీ రాదనేవాళ్ళే కత్తి అడుగుతారు. కూడేది వస్తాదా?"

"వస్తాది."

"తీసేది?"

"వస్తాది."

"హెచ్చేసేది?"

"ఎక్కాలన్నీ వస్తాయి."

"పంచేది?"

నేను తాడు మీద పెట్టిన వేలి వైపు చూశాను. ఆయనకు చదువు లేదు. సంతకం బదులు వేలిముద్ర వేసేవాడు. కానీ చెడిపోయినదాన్ని వెనక్కి పట్టుకుపోవడం ఆయనకు తెలుసు. పంచడం ఎప్పుడు నేర్పారని అడిగాడు. మూడో తరగతిలో అన్నాను. అప్పుడు నువ్వు యాడ ఉంటివి అని అడిగాడు.

ఇంట్లో ఉన్నాను. మూడో తరగతిలో ఉండగా మా తమ్ముడు పుట్టాడు. కాన్పు కష్టమై అమ్మ మంచం పట్టింది. దసరా దాటినప్పటి నుంచి పొంగలి పండగ దాకా బడి మానేసి నేను ఉయ్యాల ఊపాను. తిరిగి బడికి పోయేసరికి అందరూ పలకల మీద ఏదో పంచేస్తున్నారు. అర్థమైందా అని వాధ్యారు అడిగితే అందరూ తలలూపారు. నేనూ ఊపాను. ఆ ఊపడం రెండేళ్ళు ఊపుతూనే ఉన్నాను. ఈ సంగతి చెబుతూ ఉంటే నాకే కొత్తగా వినిపించింది. ఇదంతా తెలిసినదే, కానీ ఒక వరుసలో పెట్టి ఎప్పుడూ చూసుకోలేదు.

పెద్దనాయన ఇంటి వైపు ఒకసారి చూశాడు. అప్పుడు ఉయ్యాల్లో ఉన్నవాడు ఇప్పుడు పెరట్లో కోళ్ళను తరుముతున్నాడు. ఉయ్యాల్లో ఇంకొకడు ఉన్నాడు.

ఆ సాయంత్రం పళ్ళెం తీసుకుని కొట్టంలోకి పోకుండా ఆయన మా నాయన ఎదురుగానే తినడానికి కూర్చున్నాడు. మా అమ్మ బిత్తరపోయింది.

"బడి తెరిచినాక పాపను నేను పిలుచుకొని పోతా" అన్నాడు.

"పెయిలయిన పిల్లను మళ్ళా యాలన్నా? ఊరంతా నగుతారు."

"నగనీ. పాప ఉయ్యాల ఊపింది ఎవురి కోసరం? దాని కోసరమా?"

మా అమ్మ గరిటె పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. మా నాయన అన్నకు ఎదురు చెప్పే మనిషి కాదు. సంగటి ముద్ద తిప్పుతూ తిప్పుతూ చివరకు అన్నాడు.

"సరి. ఒక ఏడు. మళ్ళా తప్పిందంటే నన్ను అడగొద్దు. ఆమీదట బడి మాట ఎత్తొద్దు."

మా నాయన ఒకసారి అన్నాడంటే అన్నట్టే. నాకు దొరికింది ఒక్క ఏడు.

బడి తెరిచిన రోజు పెద్దనాయన ఉతికిన తువ్వాలు భుజాన వేసుకుని నాకు ముందు నడిచాడు. పక్కింటి పిల్ల అదే పొద్దున కొత్త సంచి వేసుకుని, ఇంకో ఇద్దరితో కలిసి ధర్మపురి రోడ్డు పట్టింది. నేను ఆ పక్క చూడలేదు. బళ్ళో వాధ్యారు ఎదురుగా పెద్దనాయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇద్దరూ తమిళంలోనే మాట్లాడుకున్నారు, నేను మన మాటల్లో రాస్తున్నాను.

"సామీ, పేరు ఐదులోనే రాసుకోండి. లెక్కలు చెప్పేటప్పుడు మాత్రం దీన్ని మూడులో కూర్చోనీండి. దీనికి అక్కడ తప్పింది."

వాధ్యారు పెద్దగా నవ్వారు. ఐదో తరగతి పిల్లను మూడులో కూర్చోబెట్టమని అడిగినవాళ్ళు ఇంతవరకూ లేరన్నారు. పై తరగతికి తొయ్యమని అడిగేవాళ్ళే గానీ కిందికి దించమని అడిగేవాళ్ళు ఎవరుంటారు? పెద్దనాయన నవ్వలేదు, కదలలేదు. కొంతసేపటికి వాధ్యారు నవ్వడం మానేసి నా వైపు చూశారు. నీకు సమ్మతమేనా అని అడిగారు. అంతవరకూ నన్ను అడిగినవాళ్ళు లేరు. మళ్ళీ తల ఊపబోయి, ఆగి, నోటితోనే ఔనన్నాను.

మా బడి ఒకే పొడుగు గది. ఐదు తరగతులకూ ఐదు వరుసలు, మధ్యలో గోడలు లేవు. లెక్కల వేళ కాగానే నేను ఐదో వరుస నుంచి లేచి, అందరూ చూస్తూ ఉండగా పలక పట్టుకుని మూడో వరుసలోకి నడవాలి. పట్టుమని పది అడుగులు ఉండదు ఆ దూరం. అంత దూరం నేను జీవితంలో మళ్ళీ నడవలేదు. పిల్లల మధ్య కూర్చుంటే నా మోకాళ్ళు వాళ్ళ గడ్డాల దాకా వచ్చేవి. రెండో రోజుకే నాకు పేరు పెట్టారు, ఒట్టగచ్చివింగి అని. జిరాఫీకి తమిళంలో అదే పేరు. ఇప్పుడు తలచుకుంటే పేరు బాగానే కుదిరింది అనిపిస్తుంది. అప్పుడు అది వినబడితే చెవులు కాలేవి.

నాతో చదివినవాళ్ళు పట్నం పోయారు. ఐదులో ఉన్నవాళ్ళు నిన్న మొన్నటిదాకా నా కింది తరగతి వాళ్ళు, వాళ్ళు నన్ను కలుపుకోలేదు. మూడులో వాళ్ళకు నేను వేడుక. మధ్యాహ్నం తిండి వేళ ఏ గుంపు పక్కన కూర్చోవాలో తెలియక బడి వెనకాల నీడలో ఒక్కదాన్నే తినేదాన్ని. ఇంటికి వచ్చి ఎవరికీ చెప్పలేదు. పెద్దనాయనకు కూడా చెప్పలేదు. ఆయన చేయగలిగింది ఆయన చేశాడు. ఆ పది అడుగులు నా బదులు ఆయన నడవలేడు కదా.

మూడో వరుసలో నా పక్కన మేకలు కాసేవాళ్ళ పిల్ల ఒకతి కూర్చునేది. ఎప్పుడూ కారే ముక్కు, మాసిన గౌను, నాలో సగం ఉండేది. నేను వచ్చి కూర్చున్నప్పుడల్లా జరిగి చోటిచ్చేది ఆ వరుసలో అదొక్కతే. ఒక రోజు వాధ్యారు చింతగింజలు పంచి, పదిహేడు గింజల్ని ఐదుగురికి సమానంగా పంచమన్నారు. నేను పంచాను. తలా మూడు వచ్చాయి, రెండు మిగిలాయి. మళ్ళీ తప్పు చేశానని అన్నీ కలిపేసి మళ్ళీ పంచాను. మళ్ళీ రెండు మిగిలాయి. ఎవరూ చూడకుండా ఆ రెండింటినీ పావడా మడతలో దోపేస్తూ ఉంటే ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, అవి యాల దాచుతావు? మిగిలింది, మిగలనీ. పక్కన పెట్టు" అంది తమిళంలో.

"తప్పు కదా?"

"ఎవరు చెప్పారు? మిగిలితే ఇంత మిగిలిందని రాయాలి. అంతే."

ఇది చదివేవాళ్ళకు ఇదేం పెద్ద సంగతి అనిపించవచ్చు. మా ఇల్లు ఎట్లాంటిదో చెబితే గానీ అర్థం కాదు. మా ఇంట్లో ఏదీ మిగలకూడదు. పళ్ళెంలో మెతుకు మిగిలితే అమ్మ చెయ్యి లేచేది. పిండి చట్టి కడిగిన నీళ్ళు బర్రె తొట్టిలోకి, చిరిగిన చీర అంచు దీపంలో ఒత్తిగా, పొయ్యిలో మిగిలిన బొగ్గు మరునాటి కుంపట్లోకి. మిగిల్చినవాళ్ళు తప్పు చేసినవాళ్ళు. అందుకే లెక్కలో ఏదైనా మిగిలితే నేనే ఎక్కడో తప్పు పంచానని అనుకునేదాన్ని. చెరిపి, అంకెలు అటూ ఇటూ మార్చి, చివరకు సున్నా వచ్చేదాకా ఊరుకునేదాన్ని కాదు. రెండేళ్ళు అట్లాగే చేశాను. ఐదో తరగతి పరీక్షలో నేను రాసిన పంచే లెక్కలన్నీ చక్కగా ఏమీ మిగలకుండా తేలాయి. వాధ్యారు ఎర్ర సిరాతో కొట్టేసింది వాటినే. ఉయ్యాల ఊపిన ఆ నెలల్లో నేను బళ్ళో ఉండి ఉంటే మొదటి రోజే ఎవరో ఒకరు చెప్పి ఉండేవాళ్ళు, మిగలడం తప్పు కాదని.

నాకు గట్టిగా నవ్వు వచ్చేసింది. వాధ్యారు బెత్తంతో నేల మీద కొట్టారు. అయినా ఆగలేదు. పక్కనున్న ఆ చిన్నది కూడా ఎందుకో తెలియకుండానే నాతో కలిసి నవ్వింది.

ఆ సాయంత్రం కొట్టంలోకి పరుగెత్తి పెద్దనాయనకు చెప్పాను. ఆయన పళ్ళు నేను చూసింది ఆ రోజే.

"మీయమ్మ పొదుపు నీ పలక మీద దాకా వచ్చింది గదే!" అన్నాడు.

రెండు నెలలకు వాధ్యారే నన్ను మూడు నుంచి లేపి నాలుగులో కూర్చోబెట్టారు. పొంగలి ముందు నా వరుసలోకి నేను వచ్చేశాను. వచ్చినంత మాత్రాన తోడు దొరకలేదు. ఆ ఏడంతా నేను ఒంటరిగానే తిన్నాను, ఒంటరిగానే నడిచాను. ఒట్టగచ్చివింగి అనే పేరు చివరి రోజు దాకా పోలేదు. కానీ అర్థం కానప్పుడు తల ఊపడం మానేశాను. చెయ్యి ఎత్తి, నాకు తెలియలేదు అనేదాన్ని. వాధ్యారు విసుక్కున్నా అనేదాన్ని.

వేసవి సెలవుల ముందు మళ్ళీ అదే వసారా. ఈసారి పేర్ల మధ్యలో ఎక్కడో నా పేరు పిలిచారు. మొదటిదీ కాదు, చివరిదీ కాదు. చీటీ తీసుకుని రోడ్డు మీదుగానే ఇంటికి వచ్చాను. కొట్టంలో పెద్దనాయన కిత్తనార దులుపుతున్నాడు.

"పిలిచినారా?"

"పిలిచినారు."

"సరి. ఆ నార తొట్లో నానెయ్యి."

మా నాయన మాట మాటే. నెగ్గాను కాబట్టి పంపించాడు. పట్నం బళ్ళో ఏడో తరగతి దాకా చదివాను. పెద్దమనిషినయ్యాక మానిపించారు. ఆ సంగతిలో పెద్దనాయన మాట కూడా చెల్లలేదు, నెగ్గించుకోవాలని ఆయన చాలా చూశాడు. నేను ఎవరినీ ఆడిపోసుకోను. ఆ రోజుల్లో మా వైపు ఆడపిల్లలకు అదే ఎక్కువ. తప్పిపోయి ఆగిపోలేదు, అది చాలు నాకు.

ఇప్పుడు నాకు డెబ్భై దాటాయి. మా ఆయన పోయి చాలా కాలమైంది. నేను గట్టిదాన్నని, పిసినారినని, నోరు మంచిది కాదని ఇంట్లో అందరికీ తెలుసు, నేనూ కాదనను. అరవై నిండిన ఏడు మా చిన్నకోడలు కుప్పం వైపు నుంచి వచ్చింది. దానితో పాటు రెండు తెలుగు పుస్తకాలు వచ్చాయి. మా ఇంట్లో మూడు తరాలుగా తెలుగు మాట్లాడేవాళ్ళమే గానీ ఒక్కరికీ తెలుగు అక్షరం రాదు. మేము చదివిందంతా తమిళమే. అందులో ఒకటి తెరిచి చూస్తే, పుట్టినప్పటి నుంచి నోట్లో ఉన్న మాటలు కాగితం మీద నాకు తెలియని మొహాలతో ఉన్నాయి.

కొన్నాళ్ళు ఊరకున్నాను. తరువాత ఒక మధ్యాహ్నం కోడల్ని పిలిచి, నాకు ఇవి నేర్పు అన్నాను. అది బెదిరిపోయింది. అత్త ఏదో పరీక్ష పెడుతోంది అనుకున్నట్టుంది. నేను గోడ పక్కన నేల మీద చాప వేసుకుని కూర్చున్నాను.

"అత్తా, మీరు కింద కూర్చునేదేంది! పైన కూర్చోండి. మీకు అరవ అక్షరాలు వస్తాయి గదా, వాటి పక్కన వీటిని రాసిస్తా, బిన్న వస్తాది, పది దినాల్లోనే."

"ఆ అడ్డదోవలు నాకొద్దు. నాకు తెలియంది అ దగ్గర్నించి. అ దగ్గర్నించే చెప్పు. నేను తల ఊపితే నమ్మొద్దు, రాయించి చూడు."

అప్పుడు మా పెద్ద మనవడు అటుగా పోతూ చూసి నవ్వాడు. నవ్వనిచ్చాను. కోడలు నా వేలు పట్టుకుని దిద్దించింది. అది నాకన్నా ముప్పై ఐదేళ్ళు చిన్నది. మోకాళ్ళు నొప్పెట్టాయి, సిగ్గు మాత్రం వెయ్యలేదు. సిగ్గు పడాల్సినదంతా పదకొండేళ్ళప్పుడే పడేశాను.

ఇదంతా రాయడానికి నాకు చాలా మధ్యాహ్నాలు పట్టింది. ఆ వేళకు అందరూ పనులకూ చదువులకూ పోయి ఇల్లు ఖాళీగా ఉంటుంది. నా మనవళ్ళకు ఈ అక్షరాలు రావు, నేర్చుకోమని నేను అడిగినా వాళ్ళకు తీరిక లేదు. నేను రాసింది ఈ ఇంట్లో చదవగలిగేది కోడలొక్కతే. సాయంత్రం అది వచ్చి, కాళ్ళు కడుక్కుని, కాగితం తీసుకుని నా పక్కన కూర్చుంటుంది. తప్పిన చోట వేలు పెడుతుంది. నేను కళ్ళజోడు సరిచేసుకుని, ఆ వేలు దగ్గరకు వంగి చూస్తాను.